ఆకలికి, అన్యాయానికి ఎదురు నిలిచినవారు

చరిత్ర అనగానే మనలో చాలామందికి రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు గుర్తుకు వస్తాయి. పానిపట్టు యుద్ధాలు మూడూ ఏయే సంవత్సరాలలో జరిగినవో చెప్పగలవారు మనలో ఎందరో ఉన్నారు. కానీ మన తాతముత్తాతల కాలంలో ఈ కుందూ గడ్డ మీద కరువు వస్తే జనం ఏం తిని బ్రతికినారు, ఎవరు ఆదుకున్నారు, ఎవరు కడుపు కొట్టినారు అని అడిగితే జవాబు చెప్పగలవారు తక్కువ. అందుకని ఈ వార్షిక సంచికలో రాజుల కథ కాకుండా, బీదరికానికీ అన్యాయానికీ ఎదురు నిలిచిన కొందరు మనుషుల కథ చెప్పదలచినాము.

దీనికి మరొక కారణం కూడా ఉన్నది. మన మధ్య ఒక మాట మాటిమాటికీ వినబడుతుంటుంది. "ఏం చేస్తాం భాయ్, నసీబ్‌లో ఇంతే రాసి ఉంది" అంటారు. పిల్లవాని చదువు ఏడవ తరగతితో ఆగినా అదే మాట, ఇచ్చిన కూలి సగమైనా అదే మాట. వాన కురవకపోవడం నసీబ్ కావచ్చు. కానీ వాన కురవని ఏడు ఎవరు తింటారు, ఎవరు పస్తుంటారు అన్నది మాత్రం మనుషులు చేసే నిర్ణయమే. చరిత్ర ఈ సంగతిని రుజువు చేస్తున్నది.

ఉయ్యాలవాడ గాదెలు

మన చాగలమర్రికి ఎంతో దూరం లేని ఉయ్యాలవాడ పేరు చెబితే అందరికీ నరసింహారెడ్డి గుర్తుకు వస్తాడు. 1846లో కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడాయన. ఆయన వెంట నడిచినవారిలో ఎక్కువమంది మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడి బంట్రోతులు, బోయలు, వడ్డెలు, నల్లమల చెంచులు. అంటే ఆ తిరుగుబాటులో ఒక పాలెగాని కోపంతో పాటు భూమి పోయిన పేదల ఆకలి కూడా ఉన్నదన్న మాట.

అదే ఉయ్యాలవాడలో మరొక పెద్దమనిషి ఉండినాడు. ఆయన బుడ్డా వెంగళరెడ్డి. నరసింహారెడ్డి ఉరి జరిగి ఇరవై ఏండ్లు నిండకముందే, 1866లో, ఘోరమైన కరువు వచ్చింది. ఆ కరువులో ఒక్క ఒడిశాలోనే పది లక్షల మంది వరకు చనిపోయినారని చరిత్రకారులు లెక్క కట్టినారు. మన సీమలో కూడా జనం ఊళ్ళు విడిచి దారిన పడినారు. అప్పుడు వెంగళరెడ్డి తన గాదెలు తెరిపించి, వచ్చినవారికి వచ్చినట్లు అన్నం, గంజి పోయించినాడు. ఒకటి రెండు రోజులు కాదు, నెలల తరబడి, వేలాది మందికి. వచ్చినవాని కులమేది, మతమేది అని అడగలేదని జానపదులు ఈనాటికీ పాటలు కట్టి పాడుకుంటారు. ఈ దానం కబురు సముద్రం దాటి పోయి, విక్టోరియా రాణి నుంచి ఆయనకు బంగారు పతకం వచ్చింది.

ఇక్కడ మేము పాఠకులను ఒక్క నిమిషం ఆగి ఆలోచించమని కోరుతున్నాము. పతకం పంపింది ప్రభుత్వం. అన్నం పెట్టింది ఒక రైతు. పన్నులు వసూలు చేసుకునే ప్రభుత్వం చేయవలసిన పని ఒక వ్యక్తి చేసినాడు, ప్రభుత్వం దానికి మెచ్చుకోలు పంపింది. వెంగళరెడ్డి గొప్పదనాన్ని ఇది ఏమాత్రం తగ్గించదు. కానీ ఒక మనిషి దానం మీద ఒక జిల్లా ప్రాణాలు ఆధారపడటం ఎంత ప్రమాదమో పదేండ్లకే తేలిపోయింది.

ఒక పౌండు గింజల లెక్క

1876లో వానలు పోయినాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకని మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. 1878 వరకు సాగిన ఈ కరువు మద్రాసు రాజధాని, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. మొత్తం మీద యాభై లక్షలకు పైగా జనం పోయినారని అంచనా. మన కర్నూలు జిల్లా దెబ్బ తిన్నంతగా మరే జిల్లా తినలేదంటే అతిశయోక్తి కాదు. 1871 జనాభా లెక్కల్లో తొమ్మిది లక్షలకు పైగా ఉన్న జిల్లా జనం, 1881 నాటికి ఏడు లక్షల లోపుకు పడిపోయినారు. నలుగురిలో ఒకరు లేరన్న మాట. ఆ పోయినవారికి సమాధులు లేవు, పేర్లు లేవు.

1860 దశకంలో సుంకేసుల నుంచి కడప దాకా ఒక ఇంగ్లీషు కంపెనీ కర్నూలు–కడప కాలువ త్రవ్వించి ఉండినది. కాలువ ఉన్నప్పటికీ అందరి పొలానికీ నీరు అందలేదు, అందరి ఇంటికీ గింజ చేరలేదు. ఇదే కాలంలో, 1877 జనవరి 1న, ఢిల్లీలో వైస్రాయి లార్డ్ లిట్టన్ పెద్ద దర్బారు చేసి విక్టోరియా రాణిని హిందూదేశ చక్రవర్తినిగా ప్రకటించినాడు. వేలాది అతిథులకు విందులు జరిగినవి. మద్రాసు వీధుల్లో మాత్రం శవాలు పడి ఉండినవి.

ఆ నెలలోనే లిట్టన్ పంపగా సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర ఖర్చు తగ్గించడానికి మద్రాసు వచ్చినాడు. ఈ టెంపుల్ సంగతి విచిత్రమైనది. 1874లో బీహారులో కరువు వచ్చినప్పుడు ఇతడే బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని కాపాడినాడు. చావులు దాదాపు లేకుండా చేసినాడు. అందుకు మెప్పు రాలేదు సరికదా, ప్రభుత్వ సొమ్ము దుబారా చేసినావని లండన్‌లో దుమ్మెత్తి పోసినారు. మచ్చ తుడుచుకోవాలనుకున్నాడు కాబోలు, మద్రాసులో దానికి సరిగ్గా తలక్రిందులుగా నడుచుకున్నాడు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగకూలీకి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఉప్పూ కారానికి కొద్ది పైసలు చాలునని నిర్ణయించినాడు. పౌండు అంటే అరకిలో కంటే తక్కువ. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ఎండలో పొద్దస్తమానం మట్టి మోసే మనిషికి ఇచ్చేది జైలులో ఉన్న ఖైదీ తిండికి కూడా తూగలేదు.

ఈ లెక్క వెనుక ఒక భావన ఉన్నది. నల్లవాడు తక్కువతో బ్రతుకుతాడు, ఎక్కువ పెడితే సోమరి అవుతాడు అన్న భావన. తెల్లదొర తన వంటవానికి, గుర్రానికి ఇలాంటి ప్రయోగం చేయడు. జాతి భేదం అంటే కేవలం రైలు పెట్టెలోంచి దింపడం, క్లబ్బులోకి రానివ్వకపోవడం కాదు. ఒకని కడుపును మరొకని కడుపు కంటే చిన్నదిగా కొలవడం కూడా జాతి భేదమే.

అయితే ఆ దొరల్లోనే ఒకాయన దీన్ని ఒప్పుకోలేదు. ఆయన మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్. పని చేసే మనిషికి కనీసం పౌండున్నర ధాన్యం, దానితో పాటు పప్పూ కూరా ఉండాలని, లేకుంటే మెల్లగా చంపినట్లేనని వైద్యుడుగా వాదించినాడు. క్యాంపుల్లో చావుల సంఖ్యలు నెల నెలా కాగితం మీద పెట్టినాడు. తనకంటే పెద్ద అధికారి, వైస్రాయి అండ ఉన్న మనిషి నిర్ణయాన్ని లెక్కలతో ఎదుర్కొన్నాడు. పత్రికా సంపాదకుడు విలియం డిగ్బీ కూడా ఈ సంగతులన్నీ పత్రికలో వ్రాసి, చందాలు పోగుచేసి, ఆ తరువాత పెద్ద గ్రంథమే ప్రకటించినాడు. కొద్ది నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం కూలి పెంచక తప్పలేదు. అప్పటికే ఎన్నో వేల ప్రాణాలు పోయినవి, నిజమే. కానీ ఆ తరువాత 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నిబంధనావళి వచ్చినవి. కరువులో ప్రాణం కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది. వెంగళరెడ్డి గాదె తెరిచినాడు, కార్నిష్ లెక్కల పుస్తకం తెరిచినాడు. రెండూ కావలసినవే.

సముద్రం దాటిన కూలీలు

ఆకలి జనాన్ని ఓడలెక్కించింది. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దింపింది. తరువాతి యాభై ఏండ్లలో తమిళులతో పాటు వేలాది తెలుగువారు కూడా అయిదేండ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి అక్కడి చెరుకు తోటలకు పోయినారు. గడువు తీరినా అక్కడే ఉండదలచిన వారి మీద తలకు మూడు పౌన్ల పన్ను వేసినారు. తోటకు చాకిరీ కావాలి, మనిషి మాత్రం వద్దు. ఇదీ ధోరణి.

అక్కడ గాంధీజీ పోరాటం అందరికీ తెలుసు. కానీ ఆయనను 1893లో వకీలు పనికి పిలిపించుకున్నది దాదా అబ్దుల్లా అనే ముస్లిం వర్తకుని కంపెనీ అని కొందరికే తెలుసు. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్‌లోని ఎంపైర్ థియేటరులో పెద్ద సభ జరిగింది. భారతీయులు, ఇతర ఆసియావారు నేరస్థుల మాదిరి వేలిముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలన్న చట్టాన్ని నిరసించే సభ అది. అందులో సేఠ్ హాజీ హబీబ్ లేచి, ఈ చట్టానికి లొంగబోమని దేవుని సాక్షిగా ప్రమాణం చేద్దామన్నాడు. ఆ మాట విని మొదట ఉలిక్కిపడినవాడు గాంధీజీయే. దేవుని పేర చేసిన ప్రమాణం తప్పరానిదని సభకు వివరించి, తరువాత అందరితో చేయించినాడు. సత్యాగ్రహం అక్కడ మొదలైంది. ముందుగా నిలబడిన ఆ వర్తకునికి కూలీల వలె కోల్పోవడానికి ఏమీ లేక కాదు, చాలానే ఉండినది. అయినా నిలబడినాడు. 1913లో గనుల, తోటల కూలీలు సమ్మె కట్టినారు. 1914లో మూడు పౌన్ల పన్ను రద్దయింది.

కోర్టు మెట్లెక్కిన బందగీ

ఇక మన తెలుగు గడ్డ మీది మాట. నిజాం రాజ్యంలో జనగామ తాలూకా కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు ఉండినాడు. ఆ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గుప్పిట్లో ఉండేది. వెట్టి అంటే ఏమిటో ఈనాటి పిల్లలకు తెలియదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలు ప్రతి వృత్తివాడూ దొర గడీకి కూలి లేకుండా చాకిరీ చేయాలి. పెండ్లయినా, చావయినా దొరకు నజరానా చెల్లించాలి. దొర ఎదురుగా చెప్పులతో నడవరాదు.

బందగీకి ఉన్న కొద్దిపాటి భూమి విషయంలో ఇంటి తగాదా వచ్చింది. దేశ్‌ముఖ్ అందులో జొరబడి భూమి ఆయన చేతి నుంచి పోయేటట్లు చేయజూచినాడు. అందరూ ఏం చేస్తారు? దొర కాళ్ళు పట్టుకుంటారు. బందగీ కోర్టుకు పోయినాడు. చదువు లేని, డబ్బు లేని ఆ మనిషి ఏండ్ల తరబడి తేదీలకు తిరిగినాడు. చివరకు తీర్పు ఆయన పక్షానే వచ్చింది. దొర మీద రైతు గెలవడం ఆ ప్రాంతంలో కనీ వినీ ఎరుగని సంగతి. అది భరించలేక 1940 జులై 27న దొర మనుషులు ఆయనను దారిలో నరికి చంపినారు.

చంపినవారు కథ ముగిసిందనుకున్నారు. కానీ బందగీ సమాధి దగ్గర జనం ఏటేటా గుమిగూడడం మొదలుపెట్టినారు. హిందువులూ ముస్లింలూ కలిసి ఉర్సు చేసినారు. ఆ ప్రాంతంలోనే, ఆ దేశ్‌ముఖ్ మీదనే పాలకుర్తి చాకలి ఐలమ్మ తన కౌలు పొలం పంట కోసం తెగించి నిలిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినాడు. తెలంగాణ రైతాంగ పోరాటం అక్కడి నుంచి అంటుకున్నది. "మా భూమి" నాటకంలో బందగీ పేరు ఆంధ్రదేశమంతా మారుమ్రోగింది. ఒక ముస్లిం రైతు, ఒక చాకలి స్త్రీ, ఒక గొర్రెల కాపరి కులపు యువకుడు. ముగ్గురి మతం, కులం వేరు. ముగ్గురి మీద పడిన చేయి మాత్రం ఒకటే.

కలం పట్టిన చేతులు

నిజాం రాజు ముస్లిం కనుక అక్కడి ముస్లింలందరూ ఆయన పక్షమేనని కొందరు తేలికగా అంటుంటారు. వారికి షోయబుల్లా ఖాన్ పేరు చెప్పాలి. ఉస్మానియా పట్టభద్రుడైన ఈ యువకుడు ఉర్దూలో "ఇమ్రోజ్" దినపత్రిక నడిపినాడు. రజాకార్ల దౌర్జన్యాన్ని ఖండించి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని అదే ఉర్దూలో, అదే నగరంలో వ్రాసినాడు. బెదిరింపులు వచ్చినవి. కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి పోతుండగా కాల్చి, వ్రాసిన చేతిని నరికినారు. అప్పటికి ఆయనకు 28 ఏండ్లు కూడా నిండలేదు. నెల తిరగకముందే హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది.

ఉర్దూ చదువుకున్నవారము, ఉర్దూ చెప్పేవారము గనుక ఈ పేరు మాకు మరింత దగ్గరిది. భాష ఏ ఒక్క పక్షానికో కట్టుబానిస కాదని ఆయన రక్తంతో చూపించినాడు. తనవారు అనుకునేవారే అన్యాయం చేస్తున్నప్పుడు కాదనడం, పరాయివాని అన్యాయాన్ని కాదనడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

కర్నూలులో ఒక కాలేజీ

అందరూ ప్రాణాలివ్వనక్కరలేదు. మరొక దారి కూడా ఉన్నది. మన కర్నూలు వాడైన డాక్టర్ అబ్దుల్ హక్ సాహెబ్ మద్రాసులో ఉన్నత విద్యా పదవులు నిర్వహించిన పండితుడు. తన గౌరవం, తన జీతం చూసుకొని ఊరకుండవచ్చు. కానీ సీమలో బీద పిల్లలు పై చదువుకు ఎంత దూరం పోవాలో, పోలేక ఎట్లా ఆగిపోతున్నారో చూసి, 1947లో కర్నూలులో ఉస్మానియా కళాశాల నెలకొల్పినాడు. దేశ విభజనతో ముస్లింల గుండెలు చెదిరి, ఉండాలా పోవాలా అన్న ఊగిసలాటలో చాలామంది ఉన్న సంవత్సరమది. అటువంటి సమయంలో కాలేజీకి పునాది వేయడమంటే "ఇది మన ఊరు, ఇక్కడే ఉంటాము, ఇక్కడే చదువుకుంటాము" అని చెప్పడమే. ఆ కాలేజీలో అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు. 2016లో కర్నూలులో ఏర్పడిన ఉర్దూ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టినారు.

మన ఇంటి సంగతి

ఇంత దూరం ఇతరుల అన్యాయం గురించి చెప్పుకున్నాము. ఇక మన ఇంటి మాట కూడా చెప్పుకోక తప్పదు. అరబ్బు వానికి అరబ్బు కాని వానిమీద, తెల్లవానికి నల్లవానిమీద ఆధిక్యత లేదని ఆఖరి హజ్ ప్రసంగంలో హజ్రత్ ప్రవక్త వారు చెప్పినారని మన పిల్లలందరికీ నేర్పుతాము. హబషీ బానిస అయిన హజ్రత్ బిలాల్ మొదటి ముఅజ్జిన్ అయినాడని గర్వంగా చెప్పుకుంటాము. నమాజులో ఒకే సఫ్‌లో నిలబడతాము. కానీ మసీదు గడప దాటిన తరువాత?

మన సీమలో దూది ఏకి, పరుపులు కుట్టి బ్రతికిన దూదేకుల సోదరులు తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ప్రభుత్వం వారిని వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చింది. ఉర్దూ రాదన్న నెపంతో వారిని తక్కువగా చూడటం, సంబంధం కలుపుకోవడానికి వెనుకాడటం మన మధ్య లేదని ఎవరైనా గుండె మీద చేయి వేసుకొని చెప్పగలరా? విసునూరు దొర తప్పు చేసినాడని చెప్పే నోటితో ఈ మాట కూడా చెప్పాలి. ఉర్దూ మాకు కూడు పెట్టిన భాష, ప్రాణమైన భాష. అది మనిషిని కొలిచే తక్కెడ మాత్రం కాదు.

పై కథలన్నిటిలో నాలుగు దారులు కనిపిస్తున్నవి. వెంగళరెడ్డిది దానం. కార్నిష్‌ది లెక్క. బందగీ, ఐలమ్మ, హాజీ హబీబ్, షోయబుల్లాలది హక్కు. అబ్దుల్ హక్ సాహెబ్‌ది చదువు. మన సంక్షేమ సంఘాలు ఎక్కువగా మొదటి దారినే పట్టుకున్నవి. రంజాన్‌లో బియ్యం, బడి తెరిచినప్పుడు నోటు పుస్తకాలు, బీద ఆడపిల్లల పెండ్లికి సాయం. ఇవన్నీ మంచి పనులే, మానరాదు. జకాత్ ఆ బీదవాని హక్కే గాని మన దయ కాదు.

కానీ అక్కడితో ఆగితే ధాత కరువు ముందు వెంగళరెడ్డి గాదె మాదిరి మన సాయం చాలకపోతుంది. కనుక యువకులకు మా మనవి మూడు మాటలే. ఒకటి, మన వీధుల్లో ఎంతమంది పిల్లలు బడి మానినారు, ఎందరు ముసలివారికి రావలసిన పింఛను రావడం లేదు అన్న లెక్క కాగితం మీద పెట్టండి. లెక్క ఉంటేనే అధికారి ముందు నోరు లేస్తుంది. రెండు, అర్జీ వ్రాయడం చేతకాని వారికి ప్రతి శుక్రవారం జుమా తరువాత కూర్చొని వ్రాసిపెట్టండి. అర్జీ పెట్టేవాడు దూదేకులవాడా, మాదిగవాడా, సయ్యదా అని అడగవద్దు. మూడు, పదో తరగతి పాసైన ఆడపిల్ల చదువు ఆగకుండా సొసైటీ ఖర్చులో ముందుగా ఆమె ఫీజు వ్రాయండి.

పైన చెప్పుకున్నవారిలో ఎవ్వరూ లోకమంతా ఒక్కసారిగా మారిపోతుందని మొదలుపెట్టలేదు. తమ ముందున్న ఒక్క అన్యాయాన్ని ఇది నసీబ్ కాదని గుర్తించినారు, అంతే. మన ముందున్నది ఏదో గుర్తించి పని మొదలుపెట్టే శక్తిని అల్లా మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.